బల్బులు మార్చినా పోని చీకటి: హెడ్‌లైట్ రీస్టోరేషన్ కిట్, రిలే వైరింగ్ వాడి చూశాక

నాకు వారంలో నాలుగు రోజులు రాత్రి డ్యూటీ. బయటపడేసరికి ఒంటిగంట దాటుతుంది. ఇంటికి నలభై నిమిషాల దారి, అందులో సగానికి పైగా వీధి దీపాలు లేని రోడ్డు. కారు వయసు పదకొండేళ్లు. చిన్న హ్యాచ్‌బ్యాక్, ముందు రెండు హెచ్4 హాలోజన్ బల్బులు. ఫ్యాక్టరీ నుంచే ఎల్ఈడీ హెడ్‌లైట్లతో వచ్చిన కారు ఉన్నవాళ్లకు కింద రాసినదాంట్లో సగం పనికిరాదు, కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ఆరేడు నెలల కిందట ఒక రాత్రి, నల్ల చొక్కా వేసుకున్న మనిషి ఒకాయన సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు అంచున పోతున్నాడు. నా కంటికి ఆనేసరికి ఆయన కారు పక్క అద్దానికి తగిలేంత దగ్గరలో ఉన్నాడు. ఏమీ కాలేదు. కానీ ఇంటికొచ్చి కారు ఆపాక ఐదు నిమిషాలు దిగలేదు. వేగంగా కూడా వెళ్లడం లేదు మరి. మర్నాడే హెడ్‌లైట్ల సంగతి తేల్చాలనుకున్నాను. తేల్చాను కానీ, తలకిందులుగా మొదలుపెట్టాను.

అందరిలాగే ముందు బల్బుల మీద పడ్డాను. ఎల్ఈడీ బల్బుల జత, డబ్బా మీద 20,000 ల్యూమెన్లు అని రాసుంది. ల్యూమెన్ అంటే వెలుగు కొలత. మామూలు హెచ్4 బల్బు డిమ్‌లో ఇచ్చేది దాదాపు 1000 ల్యూమెన్లు, హై బీమ్‌లో 1650. అంటే డబ్బా మాట నమ్మితే నా కారు ముందు చిన్న సూర్యుడు వెలగాలి. బిగించిన అబ్బాయి కూడా "మేడమ్, రాత్రి పగలైపోద్ది చూడండి" అన్నాడు. షాపు బయట గోడ మీద వేసి చూపిస్తే నిజంగానే పగల్లా ఉంది. సంతోషంగా ఇంటికొచ్చాను.

ఆ సంతోషం చీకటి రోడ్డు ఎక్కేదాకానే. బానెట్ ముందు ఓ పదిహేను మీటర్లు తెల్లగా, పాలు పోసినట్టు వెలిగిపోతోంది. ఆ తర్వాత గోడ కట్టినట్టు చీకటి. దగ్గర్లో అంత వెలుగు ఉంటే కంటిపాప ముడుచుకుపోతుంది, దూరంలో ఉన్న కొద్దిపాటి వెలుగును అది పట్టుకోలేదు. కాబట్టి "బాగా వెలుగొస్తోంది" అనిపిస్తుంది, కనిపించాల్సింది మాత్రం కనిపించదు. ఈ తేడా నాకు అర్థం కావడానికి మూడు రాత్రులు పట్టింది. వాన పడ్డ రాత్రి ఇంకా ఘోరం, తడి రోడ్డు మీద ఆ తెల్ల వెలుగు ఎటు పోయిందో తెలియలేదు. ఎదురొచ్చేవాళ్లు మాత్రం వరసగా లైట్లు కొట్టారు. ఒకాయన కారు స్లో చేసి, అద్దం దించి, నా మీద గట్టిగా అరిచి వెళ్లాడు. ఆయన తప్పేం లేదు.

చిన్న చిన్న చిరాకులు వేరే. లైట్లు వేయగానే ఎఫ్ఎమ్ రేడియోలో గరగర. బల్బు వెనక ఫ్యాన్ ఉండటం వల్ల రబ్బరు మూత సరిగ్గా కూర్చోలేదు, వారం తిరక్కుండా ఒక లైటు లోపల ఆవిరి పట్టింది. షాపుకు తిరిగి తీసుకెళ్తే "మీకు అలవాటు కాలేదు మేడమ్" అన్నారు. వాపసు తీసుకోలేదు. ఒకసారి బిగించిన ఎలక్ట్రికల్ సామాను వాపసు ఉండదట.

మా తమ్ముడు ఎలక్ట్రికల్ పని తెలిసినవాడు. సెలవుకు వచ్చినప్పుడు ఈ గోలంతా చెబితే వాడు బల్బు ఊడదీసి, పక్కన పాత హెచ్4 పెట్టి చూపించాడు. పాత బల్బులో రెండు ఫిలమెంట్లు. డిమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు గిన్నె లాంటిది ఉంటుంది. అది కిందివైపు పోయే వెలుగును ఆపేస్తుంది, అందుకే డిమ్‌లో రిఫ్లెక్టర్, అంటే బల్బు వెనక మెరిసే గిన్నె, పైసగమే పనిచేసి, వెలుగు ఒక గీత దాటి పైకి పోదు. రిఫ్లెక్టర్‌లో ఉన్న ప్రతి వంపునూ ఆ ఫిలమెంట్ ఎక్కడుందో, ఎంత సన్నగా ఉందో లెక్క చూసుకునే చేశారు. ఎల్ఈడీ బల్బులో చిప్పులు రెండు పక్కలా అతికించి ఉంటాయి, ఆకారం వేరు, మందం వేరు. వెలుగు పుట్టే చోటు మారిపోతే రిఫ్లెక్టర్ మాత్రం ఏం చేస్తుంది? "నువ్వు బల్బు మార్చలేదక్కా, లైటునే పాడుచేశావు" అన్నాడు. హెడ్‌లైట్ ప్లాస్టిక్ మీద అచ్చులో ఉన్న హెచ్‌సీఆర్ అనే అక్షరాలు కూడా చూపించాడు. ఇది హాలోజన్ బల్బు కోసం, డిమ్మూ హై బీమూ రెండింటికీ కలిపి చేసిన లైటు అని వాటి అర్థమట. పదకొండేళ్లుగా ఆ కారు కడుగుతున్నాను, ఒక్కసారీ చదవలేదు. చాలా దేశాల్లో ఇలా హాలోజన్ లైటులో ఎల్ఈడీ బల్బు పెట్టడం చట్టరీత్యా కుదరదు. కొన్నిచోట్ల కొన్ని బల్బులకు, అదీ కొన్ని మోడళ్ల కార్లకే అనుమతి ఉంటుంది. కొనేముందు మీ దగ్గర నియమం ఏమిటో చూసుకోండి.

ఎల్ఈడీ తీసేసి, మామూలు 60/55 వాట్ల హాలోజన్ జత కొత్తది వేశాను. రెండూ ఒకేసారి మార్చాలి, ఎందుకంటే పాత బల్బు కాలిపోకముందే మసకబారుతుంది. గాజుకు చెయ్యి తగలకూడదు, వేలి నూనె అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. నేను కాగితంతో పట్టుకున్నాను. పెట్టాక రోడ్డు మీద కాస్త మెరుగు కనిపించింది, కాస్తే.

అసలు దొంగ కళ్ల ముందే ఉంది. హెడ్‌లైట్ అద్దం పసుపు తిరిగి, పైభాగం మంచుపట్టినట్టు మసకగా ఉంది. అద్దం అంటాం కానీ అది గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. దాని మీద ఫ్యాక్టరీలో ఒక గట్టి పూత వేస్తారు. ఏళ్ల తరబడి ఎండలోని యూవీ కిరణాలకు ఆ పూత చెడిపోయి, తర్వాత ప్లాస్టిక్కే పసుపెక్కుతుంది. మసక అద్దం వెలుగును తగ్గించడమే కాదు, చెదరగొడుతుంది. దూరం పోవాల్సిన వెలుగు పక్కలకూ పైకీ పోయి ఎదుటివాడి కంట్లో పడుతుంది. ఇలాంటి అద్దం వెనక ఎంత ఖరీదైన బల్బు పెట్టినా ఒకటే.

ఇంతకుముందు రెండేళ్ల కిందట టూత్‌పేస్ట్‌తో రుద్దాను, ఆ సంగతి కూడా ఒప్పుకోవాలి. మూడు వారాలు మెరిసింది, తర్వాత ముందుకన్నా పసుపు. టూత్‌పేస్ట్ పైపై మసకను గీకుతుందే కానీ, పూత లేని ప్లాస్టిక్‌ను ఎండకు అలాగే వదిలేస్తుంది. అందుకే ఈసారి మసక తీయడంతో పాటు పూత కూడా ఇచ్చే హెడ్‌లైట్ రీస్టోరేషన్ కిట్ కొన్నాను. ఈ సమీక్ష ముఖ్యంగా దాని గురించే.

డబ్బాలో ఉన్నవి: 800, 1500, 3000 నంబర్ల వాటర్ పేపర్లు (నీళ్లు పోస్తూ రుద్దే గరుకు కాగితాలు, నంబరు పెరిగేకొద్దీ మెత్తన), పాలిషింగ్ పేస్ట్, మెత్తటి గుడ్డ, మాస్కింగ్ టేపు, యూవీ పూత తడిపిన తుడుపుగుడ్డ ఒకటి, చీమ తలంత అక్షరాలతో ఒక కాగితం. "30 నిమిషాల్లో కొత్త లైట్లు" అని డబ్బా మీద ఉంది. నాకు రెండున్నర గంటలు పట్టింది, మర్నాడు భుజం పట్టేసింది.

ముందు లైటు చుట్టూ పెయింట్ మీద టేపు వేయాలి. ఇది బద్ధకిస్తే బంపర్ మీద గీతలే. తర్వాత అద్దం మీద ధారగా నీళ్లు పోస్తూ 800తో రుద్దాలి. మొదట కారేది పసుపు నీళ్లు, చిక్కటి మజ్జిగలో పసుపు కలిపినట్టు. అది తెల్లబడేదాకా ఆపకూడదు. ఈ దశలో అద్దం ముందుకన్నా అధ్వానంగా, గచ్చులా కనిపిస్తుంది. నాకైతే గుండె జారిపోయింది, ఉన్న లైటు కూడా పోగొట్టుకున్నాననుకున్నాను. భయపడొద్దు, అలాగే ఉంటుంది. 1500తో ముందు రుద్దిన గీతలకు అడ్డంగా, 3000తో మళ్లీ వాటికి అడ్డంగా. అడ్డంగా రుద్దితేనే పాత గీత పోయిందో లేదో తెలుస్తుంది.

మొదటి లైటుకు నేను తొందరపడి 1500ను ఐదు నిమిషాల్లో ముగించాను. పాలిష్ చేశాక చూస్తే 800 గీతలు సన్నగా, సాలెగూడులా అలాగే ఉన్నాయి. మళ్లీ 1500 నుంచి మొదలు. అప్పటికి కిట్‌లోని 1500 కాగితం అరిగిపోయింది, విడిగా కొనుక్కురావాల్సి వచ్చింది. కిట్ మీద నా మొదటి ఫిర్యాదు ఇదే. రెండు లైట్లకని అమ్ముతారు, కాగితాలు ఒకటిన్నర లైటుకే సరిపోతాయి.

రెండో ఫిర్యాదు పూత గురించి. ఒకే తుడుపుగుడ్డతో రెండు లైట్లకూ వేయాలి. మొదటి దానికి తడిగా, చక్కగా పరుచుకుంది. రెండోదానికి వచ్చేసరికి గుడ్డ ఆరిపోతూ చారలు పడ్డాయి. పైగా నేను ఎండలో చేశాను, ఆ కాగితంలో నీడలో చేయమని ఎక్కడో మూలన ఉంది. పూత వేసేముందు అద్దం పూర్తిగా ఆరాలి, వేశాక 24 గంటలు నీళ్లు తగలకూడదు. సాయంత్రం మబ్బు పట్టింది. ఆ రాత్రి వాన పడుతుందేమోనన్న టెన్షన్‌తో రెండుసార్లు లేచి బయటికి చూశాను.

ఇన్ని చెప్పినా, ఈ కిట్‌కు నేను ఐదుకు నాలుగు ఇస్తాను. మర్నాడు రాత్రి డ్యూటీ నుంచి వస్తుంటే, రోడ్డు అంచున తెల్లగీత చాలా దూరం నుంచే కనిపించింది. అదే బల్బు, అదే బ్యాటరీ, మారింది అద్దం ఒక్కటే. ఒక హెచ్చరిక: మసక లోపలివైపు ఉంటే ఈ కిట్ ఏమీ చేయలేదు. పగలు లైటును ఓరగా చూస్తూ, పైన తడి చేత్తో తుడవండి. తడిగా ఉన్నంతసేపూ స్పష్టంగా కనిపిస్తే మసక బయటిదే, కిట్ పనిచేస్తుంది. తడిపినా మసక అలాగే ఉంటే లోపలిది, డబ్బు దండగ.

అక్కడితో ఆగేదాన్నే. తమ్ముడు ఊరుకోలేదు. "బల్బు దగ్గర వోల్టేజ్ ఎంతొస్తోందో చూశావా అక్కా?" అని మల్టీమీటర్ తీశాడు. ఇంజన్ నడుస్తుండగా, లైట్లు వేసి ఉంచి కొలిచాం. బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు. బల్బు వెనక హోల్డర్ దగ్గర 12.3. మధ్యలో 1.6 వోల్టులు ఏ దారిన పోయాయి? రెండు బల్బులకూ కలిపి దాదాపు 10 ఆంపియర్ల కరెంటు కావాలి. అదంతా నా కారులో స్టీరింగ్ పక్క స్విచ్ గుండా, సన్నటి వైర్ల గుండా, పదకొండేళ్ల తుప్పు పట్టిన జాయింట్ల గుండా తిరిగొస్తోంది. ఆ దారిలో 0.1 ఓమ్ నిరోధం ఉన్నా ఒక వోల్టు పోతుంది.

ఒకటిన్నర వోల్టుకు ఇంత గొడవా అన్నాను. హాలోజన్ బల్బు సంగతి అలా కాదట. దాని వెలుగు వోల్టేజ్‌తో సమానంగా తగ్గదు, సుమారు 3.4 ఘాతం చొప్పున పడిపోతుంది. ఫోన్‌లో లెక్క కట్టి చూపించాడు: 13.9కి బదులు 12.3 అందితే వెలుగులో మూడో వంతు పోయినట్టే. అంటే నేను ఇన్నేళ్లూ మూడింట రెండు వంతుల లైటుతో ఇల్లు చేరుతున్నాను.

దీనికి మందు రిలే వైరింగ్ కిట్. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్. పాత స్విచ్, పాత వైర్లు ఇప్పుడు లైట్లకు కరెంటు మోయవు, రిలేను ఆన్ చేయడానికి మాత్రమే పనికొస్తాయి. అసలు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా, లావు వైరుతో నేరుగా బల్బుకు వెళ్తుంది. రిలే మీద నాలుగు నంబర్లుంటాయి: 85, 86 స్విచ్ వైపు, 30 బ్యాటరీ నుంచి, 87 బల్బుకు. నేను కొన్న కిట్‌కు కారులోని పాత హోల్డర్ ఒకటి గుచ్చితే చాలు, కారు వైరు ఒక్కటి కూడా కోయనక్కర్లేదు. బిగించడానికి గంట పట్టింది. ఎర్త్ వైరును పెయింట్ మీద బిగిస్తే లాభం లేదు, గీకి లోహం తేలిన చోట బిగించాలి. ఫ్యూజు బ్యాటరీకి దగ్గర్లోనే ఉండాలి. ఇవి రెండూ మా తమ్ముడు రెండుసార్లు చెప్పాడు కాబట్టి నేనూ రాస్తున్నాను.

తర్వాత కొలిస్తే బల్బు దగ్గర 13.5. ముందుకన్నా వెలుగు మూడో వంతుకు పైనే పెరిగింది, పసుపుగా మగ్గిన రంగు పోయి తెల్లబడింది. దీనికి నా మార్కు ఐదుకు నాలుగున్నర. అర మార్కు ఎందుకు కోశానంటే, వైర్ల మీద తొడుగు నాసిరకం, ఇంజన్ వేడికి ఎన్నాళ్లు నిలుస్తుందో అనిపించి మేమే వేరే తొడుగు వేశాం. ఇంకొకటి, వోల్టేజ్ పెరిగితే బల్బు ఆయుష్షు బాగా తగ్గుతుంది. ఇంతకుముందు మూడేళ్లు వచ్చిన బల్బు ఇప్పుడు ఏడాదికే పోవచ్చు. నాకు ఆ బేరం నచ్చింది. డిక్కీలో ఇంకో జత పెట్టుకున్నాను.

మీ కారులో బల్బు దగ్గరకే 13.3 దాకా వస్తుంటే ఈ కిట్ కొనొద్దు. చాలా కొత్త కార్లలో రిలేలు ముందే ఉంటాయి. లైట్లను కంప్యూటర్ అదుపు చేసే కార్లలో ఇలాంటి వైరింగ్ పెడితే వేరే తలనొప్పులు. ముందు కొలవండి. అలాగే రిలే ఉంది కదా అని 100/90 వాట్ల బల్బులు పెట్టే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. ఆ వేడికి హోల్డర్ కరగడం, రిఫ్లెక్టర్ మీది మెరుపు మాడిపోవడం జరుగుతాయి, ఎదుటివాళ్ల కళ్ల సంగతి సరేసరి.

ఇంతా అయ్యాక, మళ్లీ ఎదుటివాళ్లు లైట్లు కొట్టడం మొదలైంది! ఎల్ఈడీ పెట్టిన అబ్బాయి "దూరం పడాలని" ఒక స్క్రూ తిప్పాడట, ఆ ముక్క నాకు చెప్పలేదు. కాబట్టి చివరి పని, పైసా ఖర్చు లేనిది. చదునైన నేల మీద, గోడకు సరిగ్గా 10 మీటర్ల దూరంలో కారు నిలిపాం. టైర్లలో గాలి సరిచూసి, లోపల లైట్ల ఎత్తు మార్చే చక్రాన్ని సున్నాలో పెట్టి, నా బరువుకు సాటిగా తమ్ముణ్ణి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. నా లైట్ల మధ్యభాగం నేల నుంచి 65 సెంటీమీటర్లు. డిమ్ వెలుగు గీత గోడ మీద దానికంటే 10 సెంటీమీటర్లు కిందికి, అంటే 55 దగ్గర ఉండాలి. ఒకటి 66లో ఉంది, ఎదుటివాడి కంట్లోకి. రెండోది 48లో ఉంది, నా కాళ్ల ముందుకి.

ఈ చిన్న తేడా రోడ్డు మీద ఎంతవుతుందో లెక్క చూడండి. 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగితే వెలుగు అంచు 65 మీటర్ల దూరంలో రోడ్డును తాకుతుంది. 17 దిగితే 38 మీటర్లకే ఆగిపోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, చూసి బ్రేకు మీద కాలేసే ఒకటిన్నర సెకన్లు కూడా కలుపుకుంటే, పొడి రోడ్డు మీద ఆగడానికి దాదాపు 45 మీటర్లు కావాలి. 80లో 68. ఆ రాత్రి సైకిలాయన నాకు ఆఖరి క్షణంలో కనిపించడానికి కారణం ఇప్పుడు తెలిసింది కదా. 48లో ఉన్నది ఆయన నడుస్తున్న వైపు లైటే. అది అలా ఎన్నేళ్లుగా ఉందో! లైటు వెనక పళ్లచక్రం లాంటి స్క్రూను స్టార్ స్క్రూడ్రైవర్‌తో తిప్పి రెండూ 55కు తెచ్చాం. పావుగంట పని. ఇప్పుడు డిమ్‌లో ఉన్నప్పుడు 60 దాటను. ఎదురు ఎవరూ లేకపోతే హై బీమ్.

ఇంకో రెండు వస్తువులు కూడా కొన్నాను, వాటికి ఒక్కో వాక్యం చాలు. రాత్రి డ్రైవింగ్‌కని అమ్మే పసుపు కళ్లద్దాలు శుద్ధ దండగ, అసలే వెలుగు తక్కువైన చోట రంగు అద్దం ఉన్నదాన్ని ఇంకా తగ్గిస్తుంది. విండ్‌షీల్డ్ లోపలివైపు తుడిచే గుడ్డ మాత్రం ఇంట్లో పాత నూలు బనియను కన్నా ఏమీ గొప్పది కాదు, కానీ లోపలివైపు తుడవడమనే పని చాలా గొప్పది. కారు లోపలి ప్లాస్టిక్ నుంచి వచ్చే జిడ్డు ఏడాదిగా పేరుకుని, ఎదుటి లైటు పడ్డప్పుడల్లా అద్దమంతా తెల్లగా పరుచుకునేది.

కిట్ వాడి ఇప్పటికి ఐదు నెలలు. మొన్న అమ్మను ఊళ్లో పెళ్లి నుంచి రాత్రి తీసుకొస్తుంటే, "కొత్త లైట్లు వేయించావా?" అంది. లేదమ్మా, పాతవే, రుద్దాను అంటే నమ్మలేదు. మొదట పూత వేసిన లైటు మచ్చలేకుండా ఉంది. ఎండలో చారలు పడ్డ రెండోదాని పైమూలన మాత్రం అరచేతంత మేర సన్నటి మసక మొదలైంది. ఈసారి మొత్తం కిట్ కొనను. 1500, 3000 కాగితాలు ఇంట్లో ఉన్నాయి, పూత ఒక్కటే సీసాలో విడిగా దొరుకుతోంది. వచ్చే సెలవు రోజు పొద్దున్నే, ఎండ రాకముందు, నీడలో.